బేరం మనకు వచ్చు, ఇంగ్లీషులో జారిపోయేది ఎక్కడ?

గుంటూరు మిర్చి యార్డులో రోజూ వినపడే మాట ఇది: "ఈ పూటే డబ్బు కడితే క్వింటాకు రెండొందలు తగ్గిస్తా." షరతు ముందు వచ్చింది, తగ్గింపు వెనక వచ్చింది. తెలుగు వాక్యం నడకే అంత. '-తే' దాటకుండా తగ్గింపు మాట నోట్లోంచి బయటికి రాదు. అదే మనిషి కౌలాలంపూర్ పార్టీతో ఫోన్లో మాట్లాడేటప్పుడు "వీ కెన్ రెడ్యూస్ టూ సెంట్స్, ఇఫ్ యూ పే ఫుల్ అడ్వాన్స్" అంటాడు. షరతు తోకలోకి పోయింది. అవతలి వ్యక్తి "టూ సెంట్స్" దగ్గరే రాసుకోవడం మొదలుపెట్టాడు. మిగతా సగం ఫోన్ గరగరలో కలిసిపోయింది, లేదా కలిసిపోయినట్టు నటించడానికి అతనికి వీలు దొరికింది. మర్నాడు వచ్చే మెయిల్లో రెండు సెంట్ల తగ్గింపు ఉంటుంది, అడ్వాన్స్ ఊసు ఉండదు.

ఇంగ్లీషు అంతంత మాత్రం కాబట్టే బేరంలో దెబ్బతింటున్నామని చాలామంది అనుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. సంతలో తువాలు కింద వేళ్ళు పట్టుకుని, నోరు విప్పకుండా ఎడ్ల ధర తేల్చిన ఊళ్ళు మనవి. బేరం తెలివికి కొదవ లేదు. ఆ తెలివి ఇంగ్లీషులోకి దాటేటప్పుడు మాత్రం కొన్ని చోట్ల చిల్లులు పడతాయి. వంద వాక్యాలు బట్టీ పట్టించే కోర్సులు ఆ చిల్లుల్ని పూడ్చవు. అవి ఎక్కడెక్కడ పడతాయో ముందు చూడాలి.

అన్ని రకాల చిక్కులూ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి ఎండుమిర్చి ఎగుమతి బేరాన్నే తీసుకుంటాను: 14 టన్నుల తొడిమ తీసిన తేజ రకం కాయ, చెన్నై రేవు నుంచి మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌కు. ఇందులోని అంకెలు లెక్క కోసం వేసినవే, ఇవాళ్టి మార్కెట్ ధరలు కావు. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టైనా, అమెరికా క్లయింటుతో డిజైన్ పనైనా, ఆఫీసులో జీతం మాట అయినా పద్ధతి ఇదే.

ఫోన్ ఎత్తకముందు కాగితం

తెలుగులో మాట్లాడుతూ మనసులో లెక్క కట్టగలం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఆ చోటంతా మాటల వెతుకులాటకే సరిపోతుంది. అప్పుడు లెక్క తప్పుతుంది, లేదంటే లెక్క చూసుకోకుండానే "ఓకే" వచ్చేస్తుంది. అందుకే లెక్కంతా ముందే కాగితం మీద ఉండాలి.

కాయ కొనుగోలు, తొడిమ కోత కూలీ, తరుగు, సంచులు, లారీ, రేవు ఖర్చులు అన్నీ కలిపి కిలో 170 రూపాయలు పడిందనుకుందాం. డాలరుకు 85 రూపాయల లెక్కన అది 2.00 డాలర్లు. కాగితం మీద మూడు అంకెలు రాయాలి. మొదట చెప్పే ధర 2.32, రాబట్టాలనుకునే ధర 2.20, దానికంటే దిగితే బేరం వదిలేసే ధర 2.10. కాగితం పైభాగాన ఇంకో లెక్క పెద్ద అక్షరాలతో ఉండాలి: 14,000 కిలోల మీద 1 సెంటు అంటే 140 డాలర్లు, అంటే 11,900 రూపాయలు. సెంటే కదా అనిపిస్తే వదలబుద్ధవుతుంది. పన్నెండు వేలని కళ్ళెదుట కనిపిస్తే చేయి ఆగుతుంది.

తర్వాత ధర కాని వాటికి ధర కట్టాలి. ఎక్కువమంది వదిలేసే పని ఇదే. బయ్యర్ 60 రోజుల అరువు అడిగాడనుకోండి. మన బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతమైతే, 2.20 డాలర్ల మీద 60 రోజుల వడ్డీ 4.3 సెంట్లు. మొత్తం సరుకు మీద దాదాపు 51,600 రూపాయలు. ధర ఒక్క సెంటు కూడా దించలేదని సంతోషిస్తూ అరువుకు ఒప్పుకుంటే, నాలుగు సెంట్లు చల్లగా పోయినట్టే. ఇదే లెక్కను తిరగేసి చూడండి. 30 శాతం అడ్వాన్సును 50 శాతం చేస్తానని అతనన్నాడు. ఆ అదనపు 20 శాతం నెల ముందు చేతికొస్తే మిగిలే వడ్డీ అర సెంటు కూడా లేదు. దానికి రెండు సెంట్లు తగ్గించేవాళ్ళున్నారు. డబ్బు భద్రత కోసం కొంత ఇవ్వొచ్చు, ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. అరువు, అడ్వాన్స్, ఓడకెక్కించే తేదీ, సంచి సైజు, ల్యాబ్ పరీక్ష ఖర్చు, రెండో కంటైనర్ ఆర్డర్: ఒక్కోదాని పక్కన ఎన్ని సెంట్లో రాసి పెట్టుకుంటే ఫోన్లో ఏది అడిగినా జవాబు కాగితం మీదే ఉంటుంది.

'-తే'ను ముందే ఉంచండి

ఇంగ్లీషులో 'ఇఫ్' ముందూ రావచ్చు, వెనకా రావచ్చు. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది, బేరం మాత్రం ఒకదాన్నే ఒప్పుకుంటుంది. తెలుగులో ఎలా అంటారో అలాగే అనండి: "ఇఫ్ యూ టేక్ టూ కంటైనర్స్, వీ కెన్ డూ టూ ట్వెంటీ-సెవెన్." అంకె చివర్న రావాలి, వచ్చాక నోరు ఆగాలి. ఇక్కడ మన మాతృభాష అలవాటే మనకు సాయం. బళ్ళో నేర్చిన ఇంగ్లీషే వాక్యాన్ని తిరగేయిస్తుంది.

రెండో సంగతి 'విల్', 'వుడ్' తేడా. "ఇఫ్ యూ టేక్ టూ కంటైనర్స్, వీ విల్ డూ 2.27" అంటే అది గట్టి ఆఫర్. అతను సరేనంటే వెనక్కి రావడం కష్టం. "ఇఫ్ యూ టుక్ టూ కంటైనర్స్, వీ కుడ్ లుక్ ఎట్ సమ్‌థింగ్ అరౌండ్ 2.27" అంటే ఇంకా మాట్లాడుకుంటున్నామని అర్థం. తెలుగులో "తీసుకుంటే చూద్దాం లెండి" అనే మాటకు దీటైనది రెండోది. మాటలు నడుస్తున్నంతసేపు 'కుడ్', 'వుడ్' వాడాలి, ముగించేటప్పుడే 'విల్'కు మారాలి. ఈ మార్పు అవతలివాళ్ళకు బాగా వినిపిస్తుంది. మొదటి నిమిషం నుంచీ 'విల్' అంటూ పోతే ప్రతి మాటా మాట ఇచ్చినట్టే లెక్క.

మెయిల్లో ఇది ఇంకా ముఖ్యం. తగ్గింపు ఒక పేరాలో, షరతు ఇంకో పేరాలో రాయకండి. తగ్గింపు ఉన్న లైను ఒక్కటీ కత్తిరించి వాళ్ళ మేనేజరుకు పంపుతారు. ఒప్పందం మీద సంతకాలు కాలేదు కదా అన్న ధీమా కూడా వద్దు. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం మధ్య బాక్సైట్ సరఫరా వివాదంలో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: ముఖ్యమైన షరతులన్నీ మెయిళ్ళలో ఖరారై, అవతలివాళ్ళు అంగీకారం తెలిపాక, లాంఛనంగా కాగితం మీద సంతకాలు పడకపోయినా ఒప్పందం కుదిరినట్టే. ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు చివర్న "దిస్ ఈజ్ సబ్జెక్ట్ టు అవర్ ఫైనల్ కన్ఫర్మేషన్" అని ఒక్క వాక్యం చేర్చండి. ఆఫర్ గట్టిదైతే గడువు రాయండి: "వ్యాలిడ్ అంటిల్ 5 పీఎమ్ ఇండియా టైమ్, ఫ్రైడే 14 మార్చ్." మిర్చి ధర రోజుకో తీరుగా మారుతుంది. గడువు లేని ఆఫర్ ఇస్తే, ధర పెరిగిన రోజే అతనికి ఆ మెయిల్ గుర్తొస్తుంది.

"కష్టమండీ" అంటే అక్కడ "అవుతుంది" అని

తెలుగులో "కొంచెం కష్టమండీ" అంటే కాదని. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. దాన్నే "ఇట్స్ ఎ లిటిల్ డిఫికల్ట్" అని దించితే, వినేవాడికి "కొంచెమే కష్టం, ఇంకోసారి నొక్కితే అవుతుంది" అని వినిపిస్తుంది. నొక్కుతాడు. మనకు విసుగొస్తుంది, అతనికి ఆశ పెరుగుతుంది. ఇంగ్లీషులో కాదనడానికి రెండు ముక్కలు కావాలి. మొదటిది కానిది స్పష్టంగా: "ఫర్ వన్ కంటైనర్, వీ కాంట్ గో బిలో టూ ట్వంటీ-త్రీ." రెండోది అయ్యేది: "వాట్ వీ కెన్ డూ ఈజ్ షిప్ టెన్ డేస్ ఎర్లియర్." మొదటి ముక్క ఒక్కటే అంటే తలుపు వేసినట్టుంటుంది. రెండోది ఒక్కటే అంటే కాదన్న సంగతే తెలియదు.

"ఐ విల్ ట్రై" కూడా ఇలాంటిదే. మనం మర్యాదకు అంటాం, అవతల మాట ఇచ్చినట్టు రాసుకుంటారు. "చూద్దాం" అనాలనిపించినప్పుడల్లా తేదీ పెట్టండి: "లెట్ మీ చెక్ అండ్ కమ్ బ్యాక్ టు యూ బై థర్స్‌డే నూన్." గురువారం మధ్యాహ్నానికి జవాబు కాదైనా సరే, పంపాలి.

ఫోన్లో వింటూ మనం "ఆఁ... ఆఁ... సరే" అంటుంటాం. వింటున్నాను, చెప్పండి అని దాని అర్థం. ఇంగ్లీషులో అది "ఎస్... ఎస్... ఓకే" అయిపోతుంది. అవతలివాళ్ళు ఐదు షరతులు చదివారు, ఐదింటికీ 'ఎస్' వినపడింది. తర్వాత "అలా ఒప్పుకోలేదే" అంటే మాట మార్చారని అనుకుంటారు. 'ఎస్'కు బదులు "రైట్, గో ఆన్" లేదా "ఐ సీ" అలవాటు చేసుకోండి. చివర్న "లెట్ మీ టేక్ దోజ్ వన్ బై వన్" అని ఒక్కొక్కటే విప్పండి.

కాదనే ప్రశ్నలతో ఇంకో చిక్కుంది. "మీరు తగ్గించలేరా?" అంటే "అవునండీ, తగ్గించలేం" అంటాం. అతను "సో యూ కాంట్ రెడ్యూస్?" అన్నప్పుడు ఆ 'అవును'ను "ఎస్" చేసి ఊరుకుంటే, తగ్గిస్తారని ఒకరికి, తగ్గించరని ఇంకొకరికి అర్థమవుతుంది. పూర్తి వాక్యం చెప్పడమే మందు: "నో, వీ కాంట్."

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది 'వీ'. తెలుగులో 'మేము', 'మనం' వేరు. "రవాణా మనం భరిద్దాం" అంటే ఇద్దరం, "మేము భరిస్తాం" అంటే నేనే. ఇంగ్లీషులో రెండూ 'వీ'. "వీ కెన్ బేర్ ద టెస్టింగ్ కాస్ట్" అని మీరు 'మనం' అనుకుని చెప్పారు, అతనికి 'మేము' అని వినపడింది. ల్యాబ్ బిల్లు మొత్తం మీకే వచ్చింది. ఖర్చు ఎవరిదో చెప్పే ప్రతి వాక్యంలో 'వీ' విడిచిపెట్టి "అవర్ సైడ్", "యువర్ సైడ్", "ఫిఫ్టీ-ఫిఫ్టీ" అని విడమర్చండి.

గౌరవం సంగతి. తెలుగులో 'అండి', 'గారు' మర్యాద బరువంతా మోస్తాయి, మిగతా వాక్యం ఎంత సూటిగా ఉన్నా చెల్లుతుంది. "మీరు సోమవారంలోపు అడ్వాన్స్ పంపాలండీ" అనడంలో తప్పేమీ లేదు. 'అండి' రాలిపోయి "యూ హావ్ టు సెండ్ అడ్వాన్స్ బై మండే" అయ్యేసరికి హుకుం అవుతుంది. ఇంగ్లీషులో మర్యాద క్రియలో ఉంటుంది: "కుడ్ యూ సెండ్ ద అడ్వాన్స్ బై మండే, సో దట్ వీ కెన్ బుక్ ద కంటైనర్?" కారణం జతపడితే హుకుం పోతుంది, గడువు మిగులుతుంది. దీనికి రెండో కొసన "సర్, కైండ్లీ కన్సిడర్, వీ రిక్వెస్ట్ యూ" అని ప్రతి లైనులో రాసేవాళ్ళున్నారు. అది మర్యాదగా కాక ఇబ్బందుల్లో ఉన్నట్టు వినపడుతుంది. అవసరంలో ఉన్న అమ్మకందారుకు ఎవరూ మంచి ధర ఇవ్వరు.

కొన్ని మాటలు, కొన్ని అంకెలు

"లాస్ట్ ప్రైస్" మన దేశంలో చివరి ధర. బయట అది "పోయినసారి ఇచ్చిన ధర"గా కూడా వినపడుతుంది. "బెస్ట్ ప్రైస్" లేదా "ఫైనల్ ప్రైస్" అనండి. మనకు 'రివర్ట్' అంటే జవాబివ్వడం, చాలామందికి మునుపటి స్థితికి పోవడం. "వీ విల్ రివర్ట్ ఆన్ ప్రైస్" అంటే పాత ధరకు తిరిగి వస్తారా అనుకోవచ్చు. "ఐ హావ్ ఎ డౌట్ ఎబౌట్ యువర్ ఎల్.సి." అంటే మీకు అర్థంకాని విషయం ఉందని కాదు, వాళ్ళ లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవారి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద అనుమానం ఉందని. "ఐ హావ్ ఎ క్వశ్చన్" సరిపోతుంది. "రెడ్యూస్ బై టెన్ సెంట్స్", "రెడ్యూస్ టు టూ-టెన్": 'బై', 'టు' తేడా విని పట్టుకోవాలి. అనుమానమొస్తే సిగ్గుపడకుండా అడగాలి.

"బెస్ట్ క్వాలిటీ" అనే మాటను పూర్తిగా మానేయమంటాను. దానికి విలువ లేదు. తొడిమ ఎంత శాతం మించదు, తేమ ఎంత మించదు, విరిగిన కాయ, తాలు కాయ ఎంతవరకు: ఇవి అంకెల్లో చెబితేనే ధరకు ఆధారం దొరుకుతుంది. "యాజ్ పర్ బయర్స్ కంట్రీ స్టాండర్డ్స్" అని కళ్ళు మూసుకుని రాయడం మరీ ప్రమాదం. సరుకు యూరప్ యూనియన్‌కు వెళ్ళేదైతే ఎండుమిర్చిలో బూజు వల్ల పుట్టే విషపదార్థం అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదు. ఆ ఒక్క ఇంగ్లీషు వాక్యంతో అదంతా మీ నెత్తిన పడుతుంది.

ఎల్.సి. ఉంటే కొన్ని మామూలు ఇంగ్లీషు మాటలకు లెక్క కట్టిన అర్థాలున్నాయి. బ్యాంకులు పాటించేది యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమావళి, అది 2007 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పరిమాణం ముందు 'ఎబౌట్' ఉంటే 10 శాతం అటూ ఇటూ కావచ్చు. తేదీ ముందు 'ఆన్ ఆర్ ఎబౌట్' ఉంటే ఆ తేదీకి 5 రోజులు ముందు నుంచి 5 రోజుల తర్వాత వరకు. 'ప్రాంప్ట్', 'ఇమ్మీడియట్‌లీ', 'యాజ్ సూన్ యాజ్ పాజిబుల్' లాంటి మాటల్ని బ్యాంకు అసలు లెక్కలోకే తీసుకోదు. త్వరగా కావాలంటే తేదీ ఉండాల్సిందే.

అంకెల్లో లక్ష, కోటి వదిలేయండి. 'టన్' అనకుండా 'మెట్రిక్ టన్' అనండి. అమెరికా షార్ట్ టన్ను 907 కిలోలే. 05/06 ఒకరికి జూన్ 5, ఇంకొకరికి మే 6, కాబట్టి నెల పేరు రాయాలి. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' ఫోన్లో ఒకేలా వినపడతాయి, అంకెలు విడగొట్టి "వన్-ఫైవ్" అని మళ్ళీ చెప్పాలి. మనకు నాలుగైతే సాయంత్రం, వాళ్ళకు అది 'ఆఫ్టర్‌నూన్', అందుకే గంట చెప్పండి. 'ఎఫ్.ఓ.బి.' (సరుకు ఓడకెక్కించే వరకు ఖర్చు అమ్మేవాడిదనే ధర) అని ఒంటరిగా వదలకూడదు. రేవు పేరు, "ఇన్‌కోటర్మ్స్ 2020" (అంతర్జాతీయ వ్యాపార పదాల నిర్వచనాలు) రెండూ పక్కనుండాలి, ఎందుకంటే అమెరికాలో దేశీయ వ్యాపారంలో అదే మాటకు అర్థం వేరు.

ఒక ఫోన్ కాల్, దగ్గర్నుంచి

బయ్యర్: "యువర్ ప్రైస్ ఈజ్ టూ హై. ఐ హావ్ అనదర్ సప్లయర్ ఎట్ టూ పాయింట్ వన్ జీరో."

మామూలుగా వచ్చే జవాబు: "నో సర్, అవర్ క్వాలిటీ ఈజ్ బెస్ట్. ఓకే, వీ విల్ ట్రై టు మ్యాచ్." ఆధారం లేని గొప్ప ఒకటి, మాట ఇచ్చినట్టు వినిపించే 'ట్రై' ఒకటి. పైగా 2.10 నిజమైన పోటీ ధరేనని ఒప్పేసుకున్నారు.

దానికి బదులు ప్రశ్న వేయాలి: "ఐ అండర్‌స్టాండ్. ఈజ్ దట్ ఫర్ స్టెమ్‌లెస్?"

బయ్యర్: "నో, విత్ స్టెమ్."

"దెన్ ఇట్స్ ఎ డిఫరెంట్ ప్రాడక్ట్. అవర్స్ ఈజ్ స్టెమ్‌లెస్, మాయిశ్చర్ మాక్సిమమ్ ఎలెవన్ పర్సెంట్." ఇక్కడ ఆగాలి. తొడిమ తీసే కూలీ, తరుగు మీ కాగితం మీద ఉన్నాయి, కావాలంటే ఎన్ని సెంట్లో చెప్పగలరు.

బయ్యర్: "స్టిల్, యూ హావ్ టు డూ సమ్‌థింగ్."

"ఇఫ్ యూ టేక్ టూ కంటైనర్స్, వీ కెన్ డూ టూ ట్వెంటీ-సెవెన్. ఫర్ వన్, ఇట్ స్టేస్ ఎట్ టూ థర్టీ-టూ."

ఇప్పుడు మౌనం. నాలుగైదు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ఇంగ్లీషు మీద బెరుకున్నవాళ్ళకు ఆ నిశ్శబ్దం తమ తప్పేనేమో అనిపిస్తుంది, అర్థం కాలేదేమో అనిపిస్తుంది. వెంటనే "బట్ వీ కెన్ డిస్కస్, ఇట్స్ నెగోషియబుల్" అని నోరు జారుతుంది. ఎవరూ అడక్కుండానే ఐదు సెంట్లు పోతాయి. ఆ సమయంలో కాగితం మీద టైము రాసుకోండి, చేతికి పని ఉంటుంది. అతను లెక్క కట్టుకుంటున్నాడు, కట్టుకోనివ్వండి.

తగ్గింపులు చిన్నవవుతూ పోవాలి. 2.32 నుంచి 2.27, తర్వాత 2.24, తర్వాత 2.23. ఐదు, మూడు, ఒకటి. అట్టడుగు ధర దగ్గరపడుతోందని అంకెలే చెబుతాయి. రెండు, మూడు, ఐదు అని పెరుగుతూ పోతే, ఇంకా గట్టిగా అడిగితే ఇంకా ఎక్కువ రాలుతుందని మీరే నేర్పినట్టవుతుంది.

చివర్న కొసరు వస్తుంది. కూరగాయల దగ్గర మనం కొత్తిమీర అడిగినట్టే, అతనూ అడుగుతాడు: "ఓకే, టూ ట్వెంటీ-త్రీ. బట్ యూ పే ఫర్ ద ల్యాబ్ టెస్ట్." బేరం ముగిసిందన్న ఊరటలో 'ఓకే' వచ్చేసే చోటిది. జవాబు: "ఎట్ టూ ట్వెంటీ-త్రీ, ద టెస్ట్ ఈజ్ ఆన్ యువర్ సైడ్. ఇఫ్ యూ వాంట్ అజ్ టు కవర్ ఇట్, ద ప్రైస్ గోస్ టు టూ ట్వెంటీ-ఫోర్." గొంతు పెంచక్కర్లేదు. కొసరుకూ ధర ఉందని తెలిస్తే సాధారణంగా వదిలేస్తాడు.

ఫోన్ పెట్టేసిన గంటలోపు మెయిల్ వెళ్ళాలి. ఎవరు రాస్తే వాళ్ళ మాటల్లో ఒప్పందం నిలుస్తుంది, కాబట్టి మీరే రాయండి. మొదటి లైను "థాంక్యూ ఫర్ యువర్ టైమ్. దిస్ ఈజ్ వాట్ వీ అగ్రీడ్ టుడే." కింద నంబర్లేసి ఒక్కో విషయం ఒక్కో లైను: సరుకు, తేమ, తొడిమ పరిమితులు. పరిమాణం, ఎంత అటూ ఇటూ కావచ్చో. ధర, కరెన్సీ, కిలోకా టన్నుకా, ఎఫ్.ఓ.బి. చెన్నై. 30 శాతం అడ్వాన్స్, మిగతాది బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) స్కాన్ కాపీ అందాక. ఓడకెక్కించే ఆఖరి తేదీ, అది అడ్వాన్స్ అందిన రోజు నుంచి లెక్క. సంచి బరువు. పరీక్ష ఎవరి ఖర్చు. చివరి లైను "ఇఫ్ ఎనీథింగ్ ఈజ్ డిఫరెంట్ ఫ్రమ్ యువర్ అండర్‌స్టాండింగ్, ప్లీజ్ టెల్ మీ బై 5 పీఎమ్ మలేషియా టైమ్ టుమారో." అది మనకు మధ్యాహ్నం రెండున్నర.

జీతం మాట

హైదరాబాద్ ఐటీ ఉద్యోగాల్లో హెచ్.ఆర్. కాల్‌కూ ఇవే సూత్రాలు, కాబట్టి తేడాలు మాత్రం చెబుతాను. "ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఎంత?" అంటే "ట్వెంటీ-టూ టు ట్వెంటీ-ఫైవ్" అనకండి. వాళ్ళ షీట్‌లో పడేది 22. ఒకే అంకె చెప్పండి, అది ఫిక్స్‌డ్ మీద చెప్పండి: "అయామ్ లుకింగ్ ఎట్ ట్వెంటీ-ఫోర్ లాక్స్ ఫిక్స్‌డ్." సీటీసీ మీద చెబితే ఏమవుతుందో చూడండి. 24 లక్షల సీటీసీలో 10 శాతం వేరియబుల్ (పనితీరును బట్టి వచ్చేది) అంటే 2.4 లక్షలు. బేసిక్ 12 లక్షలై, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కట్టే కంపెనీ అయితే యజమాని వాటా 12 శాతం 1.44 లక్షలు. గ్రాట్యుటీ బేసిక్ మీద 4.81 శాతం, దాదాపు 58 వేలు. ఇవన్నీ తీసేస్తే నెలకు వచ్చేది సుమారు 1.63 లక్షలు, అదీ మీ పీఎఫ్ వాటా, పన్ను కోతలకు ముందు. రెండు లక్షలు అనుకుని చేరినవాళ్ళ అసంతృప్తికి మూలం ఇదే.

"దిస్ ఈజ్ ద మాక్సిమమ్ ఫర్ దిస్ బ్యాండ్" అని వాళ్ళంటే వాదించకుండా వేరే తలుపు తట్టండి: "ఐ అండర్‌స్టాండ్ ద బ్యాండ్. ఇఫ్ ద ఫిక్స్‌డ్ కాంట్ మూవ్, కుడ్ వీ లుక్ ఎట్ ఎ జాయినింగ్ బోనస్ అండ్ ద నోటీస్ బయౌట్?" 90 రోజుల నోటీసు ఉన్నవాళ్ళకు బయౌట్, అంటే మిగిలిన నోటీసు రోజులకు కట్టాల్సిన డబ్బు, పెద్ద మొత్తమే. ఒప్పుకున్నది ఆఫర్ లెటర్లో కనపడే వరకు రాజీనామా పంపకండి. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు కారణాలుగా చెప్పడం మన అలవాటు. ఆ సంభాషణలో వాటికి విలువ లేదు. చేసిన పని, చేతిలో ఉన్న ఇంకో ఆఫర్, చేరగలిగే తేదీ, ఇవే పనిచేస్తాయి.

సాధన

రోజుకు ఇరవై నిమిషాలు, మూడు వారాలు. పుస్తకం చదివితే రాదు, నోటితో చేయాలి.

మొదటి వారం అంకెలు, 'ఇఫ్' వాక్యాలు మాత్రమే. రోజూ పది తెలుగు షరతులు రాసుకుని వరస మార్చకుండా ఇంగ్లీషులో గట్టిగా చెప్పాలి, ఫోన్లో రికార్డు చేసుకుని వినాలి. వినేటప్పుడు ఒక్కటే చూడండి: అంకె చెప్పాక ఇంకేమైనా అన్నారా? అంటే ఆ వాక్యం మళ్ళీ. ఉచ్చారణ గురించి బెంగ వద్దు, వేగం తగ్గిస్తే చాలు. మలేషియా, చైనా, వియత్నాం బయ్యర్లకూ ఇంగ్లీషు పరాయి భాషే. చిన్న వాక్యాలు ఇద్దరికీ మేలు.

రెండో వారం కాదనడం. ఒక స్నేహితుడు బయ్యర్‌గా కూర్చుని ఒకే డిమాండును ఐదుసార్లు ఐదు రకాలుగా అడగాలి. మీరు "కాంట్", "వాట్ వీ కెన్ డూ ఈజ్" రెండు ముక్కలతో ఐదుసార్లూ జవాబివ్వాలి. తర్వాత కుర్చీలు మారండి. అడిగే వైపు కూర్చుంటేనే ఏ జవాబు ఆశ పుట్టిస్తుందో తెలుస్తుంది.

మూడో వారం పాత మెయిళ్ళు తీయండి. మీరు పంపినవాటిలో 'ట్రై', 'నెగోషియబుల్', 'రివర్ట్', 'కైండ్లీ' కింద గీతలు గీసి తిరిగి రాయండి. ఏఐ టూల్స్‌తో రాయించుకునేవాళ్ళు పంపేముందు మూడే చూడాలి. షరతు తగ్గింపు పక్కనే ఉందా, అంకెలూ తేదీలూ మారకుండా ఉన్నాయా, మీరు ఇవ్వని మాట ఏదైనా మర్యాద పేరుతో చేరిందా. "వీ ఆర్ హ్యాపీ టు అకామడేట్ యువర్ రిక్వెస్ట్" లాంటి వాక్యం వినసొంపుగా ఉండి అడిగిందంతా ఇచ్చేస్తుంది.

నిజమైన కాల్ అయ్యాక అదే కాగితం వెనక మూడు లైన్లు రాయండి: మొదట ఎవరు తగ్గారు, దేనికి బదులుగా, చివరి కొసరు ఎవరి ఖాతాలో పడింది. పది కాల్స్ తర్వాత ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, బదులుగా ఏమీ రాయలేని తగ్గింపులన్నీ ఒకే రకం చోట కనిపిస్తాయి. ఒకరికి అది మౌనం దగ్గర, ఇంకొకరికి "మీ బాస్‌తో మాట్లాడతా" అన్న మాట దగ్గర, మరొకరికి కొసరు దగ్గర. తర్వాతి వారం ఇరవై నిమిషాలూ అక్కడే పెట్టండి.